కోహా ఉచితమే, మరి ఊరి గ్రంథాలయంలో ఎందుకు ఎక్కడం లేదు?

మాస్టారు కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగి చూశారు. గ్రంథాలయం లెక్కలు చూసే కోహా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాం. తెర మీద ఒకటే ప్రశ్న: మార్క్21 కావాలా, యూనిమార్క్ కావాలా? పుస్తకం వివరాలు కంప్యూటరుకు అర్థమయ్యేట్టు రాసే రెండు పద్ధతులు అవి. ఆయన ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా మా ఊళ్లో ఒక సంఘం నడిపే గ్రంథాలయాన్ని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచి కూర్చుంటున్నారు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతారు. "బాబూ, ఈ రెండిట్లో ఏది నొక్కితే మన పుస్తకాల లెక్క పాడవకుండా ఉంటుంది?" అని అడిగారు.

మార్క్21 నొక్కమన్నాను. నొక్కారు. పని ముందుకు కదిలింది. నేను పక్కన లేకపోతే ఆయన అక్కడే ఆగిపోయేవారు. కంప్యూటరు కట్టేసి మళ్లీ పొడుగాటి రిజిస్టరు తెరుచుకునేవారు. ఉచిత సాఫ్ట్‌వేర్ చిన్న గ్రంథాలయాల దాకా ఎందుకు చేరడం లేదన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ చూపుడువేలే గుర్తొస్తుంది. తప్పు నొక్కుతానేమోనని గాల్లో ఆగిపోయిన వేలు.

ఈ విషయంలో మామూలుగా వినిపించే మాట ఒకటుంది: "లైనక్స్ కష్టం, నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి, అందుకే ఎవరూ ముట్టుకోరు." కోహా నడిచేది లైనక్స్ మీదే, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత వ్యవస్థ అది. కాబట్టి అందులో నిజం లేకపోలేదు. అయితే కమాండ్లు ఒక కాగితం మీద రాసిస్తే మాస్టారు లాంటివాళ్లు తప్పు లేకుండా కొట్టగలరు, నేను చూశాను. వాళ్లను ఆపేది కమాండు తర్వాత వచ్చే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే గ్రంథాలయ శాస్త్రమైనా చదివి ఉండాలి, సర్వర్ల పనైనా తెలిసి ఉండాలి. స్వచ్ఛంద సంస్థ నడిపే గ్రంథాలయంలో ఆ రెండూ తెలిసిన మనిషి సాధారణంగా ఉండరు. కాబట్టి ఆ జవాబులు ఎవరో ఒకరు ముందే ఆలోచించి సిద్ధం చేసి పెట్టాలి. ఇన్‌స్టలేషన్ సులువు కావడమంటే నా లెక్కలో ముఖ్యంగా ఇదే.

కోహా కథే తీసుకుందాం. గ్రంథాలయాల కోసం ప్రపంచంలో ఎక్కువమంది వాడే ఓపెన్ సోర్స్ (మూలం అందరికీ తెరిచి ఉంచిన) సాఫ్ట్‌వేర్లలో అది ముందుంటుంది. పైగా అది పుట్టిందే ఒక లాభాపేక్ష లేని ట్రస్టు అవసరం కోసం.

చదివింపుల లాంటి సాఫ్ట్‌వేర్

న్యూజిలాండ్‌లో లెవిన్ అనే చిన్న పట్టణం చుట్టుపక్కల హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు కొన్ని గ్రంథాలయాలు నడిపేది. 1999లో వాళ్లకో చిక్కు వచ్చి పడింది. వాళ్లు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదు. కొత్తది కొనాలంటే డబ్బు, దాన్ని నడిపే ఫోను లైన్లకు ఇంకా డబ్బు. అప్పుడు కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ, మామూలు బ్రౌజరులో నడిచేట్టు కొత్తది రాసిస్తామంది. 2000 జనవరి మొదట్లో అది పనిలోకి దిగింది. రాసినవాళ్లు రేపు లేకపోయినా తమ గ్రంథాలయం ఆగిపోకూడదనీ, ఇంకొకరికీ పనికి రావాలనీ దాన్ని ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడిచిపెట్టారు.

కోహా అనేది మావోరీ మాట. అతిథి తీసుకొచ్చే కానుక అని అర్థం, దాని వెనక ఇచ్చిపుచ్చుకోవడం అనే భావం కూడా ఉంది. మన పెళ్లిళ్లలో చదివింపులు ఇలాంటివే. ఎవరేం చదివించారో రాసి పెట్టుకుంటాం, వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు మనమూ చదివిస్తాం. కోహా అచ్చం అలాగే పెరిగింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక పబ్లిక్ లైబ్రరీకి మార్క్ పద్ధతి కావాల్సి వచ్చింది, ఆ పని చేయించడానికి డబ్బు పెట్టింది. ఫ్రాన్స్ వాళ్లకు యూనిమార్క్ కావాలి, అదీ చేరింది. లక్షల పుస్తకాలున్న గ్రంథాలయాలు వచ్చాక వెతుకులాట వేగంగా జరగాలి కాబట్టి జీబ్రా అనే వెతుకుడు యంత్రం తోడైంది. ఒక్కొక్కరు తమకు కావలసింది చేయించుకుని అందరికీ ఇచ్చారు.

మూడు నాలుగు చిన్న గ్రంథాలయాల కోసం పుట్టిన సరుకు విశ్వవిద్యాలయాల బరువు మోసేంత బలపడింది. ఆ బలం వల్లే అది ఇవాళ మన ఊరి గ్రంథాలయం గుమ్మంలో పట్టకుండా ఉంది. ఇది ఎవరి తప్పూ కాదు. పదిమంది కలిసి పెంచిన దేనికైనా ఇదే జరుగుతుంది. కానీ ఆ పదిమందిలో చిన్నవాళ్ల తరఫున మాట్లాడిన గొంతులు తక్కువ.

లోపల ఎంతమంది పనిచేస్తున్నారు

కోహా అంటే ఒక ప్రోగ్రాము అనుకుంటాం గానీ, అది కొందరు పనివాళ్ల జట్టు. గ్రంథాలయం భాషలోనే చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మారియాడీబీ అనేది రిజిస్టర్ల గది. సభ్యులెవరు, ఏ పుస్తకం ఎవరి దగ్గరుంది అన్న లెక్కంతా అక్కడే. అపాచీ కౌంటర్లో కూర్చున్న మనిషి. బ్రౌజరు నుంచి ఎవరు ఏమడిగినా ముందు ఆయన చెవినే పడుతుంది. జీబ్రా పాతకాలం కార్డు కేటలాగు సొరుగులు, పుస్తకం పేరు పెట్టి వెతికితే కార్డు తీసిచ్చేది అదే. మెమ్‌క్యాష్‌డ్ అనేది మాటిమాటికీ అడిగేవాటిని బల్ల మీదే చేతికందేట్టు ఉంచే ఏర్పాటు. కొన్నేళ్లుగా ర్యాబిట్‌ఎంక్యూ అని మరొకటి చేరింది. తీరిగ్గా చేయాల్సిన పెద్ద పనుల చీటీలు వేసే పెట్టె అనుకోండి. వీళ్లందరికీ ఏం చేయాలో చెప్పే బుర్ర పెర్ల్ భాషలో రాసిన కోహా.

ఈ పోలిక ఊరికే తేలేదు. కొత్తగా పెట్టినవాళ్లు చాలామంది కంగారు పడే సందర్భం ఒకటుంది. పుస్తకం వివరాలు ఎక్కిస్తారు, భద్రపరిచామని తెర చెబుతుంది, తీరా వెతికితే దొరకదు. పోయిందనుకుని మళ్లీ ఎక్కిస్తారు. రిజిస్టర్లో రాసుకోవడం అయింది, కార్డు మాత్రం ఇంకా సొరుగులో చేరలేదు, అంతే. జీబ్రా తన కార్డులు తాను విడిగా పేర్చుకుంటుంది. ఆ పేర్చే పని వెనకాల నడవకపోతే పుస్తకం ఉండీ లేనట్టే. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఎన్నో సాయంత్రాలు కలిసొస్తాయి.

పనివాళ్లు విడివిడిగా మంచివాళ్లే. చిక్కంతా ఒకరి చేయి ఒకరికి అందించడంలో. మా గ్రంథాలయంలో మొదటి రోజు పాఠకులు పుస్తకాలు వెతుక్కునే పేజీ, అంటే ఓపాక్, చక్కగా తెరుచుకుంది. పుస్తకాలు ఎక్కించే సిబ్బంది పేజీ మాత్రం ఎంతకీ రాలేదు. కమాండ్లన్నీ సరిగ్గానే పడ్డాయి, ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. రెండు సాయంత్రాలు పోయాక తెలిసింది. మేం సిబ్బంది పేజీని 8080 అనే తలుపు దగ్గర పెట్టమని కోహాకు చెప్పాం. కోహా పెట్టింది. కానీ కౌంటర్లో కూర్చున్న అపాచీకి ఆ తలుపు కొట్టినప్పుడు కూడా పలకాలని ఎవరూ చెప్పలేదు. దాని పోర్టుల ఫైలు తెరిచి 'లిసన్ 8080' అని ఒక్క వరుస రాసి, అపాచీని ఆపి మళ్లీ మొదలుపెడితే పేజీ టక్కున వచ్చింది.

ఆ వరుస సూచనల్లో రాసి లేకపోలేదు, రాసే ఉంది. కానీ అది ఎందుకో తెలియని మనిషి కంటికి నలభై వరుసల మధ్య అదీ ఒక వరుస, దాటిపోతాడు. రోజూ సర్వర్లతో పనిచేసేవాడికి అర నిమిషం పట్టే పని, ఇంకొకరికి రెండు రోజులు. అందుకే చెబుతున్నాను, ఇలాంటివి మనిషికి వదలకుండా కోహాను ఎక్కించే ప్యాకేజీ తానే చూసుకోవాలి. చూసుకోలేకపోతే కనీసం "8080 మీద ఎవరూ వినడం లేదు, ఫలానా ఫైలులో ఫలానా వరుస కలపండి" అని తెర మీద చెప్పాలి.

ఇప్పటికే తగ్గిన కష్టం

పాత రోజులతో పోలిస్తే ఇది పండగే. ఒకప్పుడు కోహా పెట్టాలంటే మూలం ఫైళ్లు దించుకుని, దానికి కావలసిన పెర్ల్ మాడ్యూళ్లు వందకు పైగా ఒక్కొక్కటే సమకూర్చుకోవాల్సి వచ్చేది. ఒకటి ఎక్కదు, అది ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని. 2010-11 ప్రాంతంలో లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ కోసం, కావలసినవన్నీ ఒకచోట కట్టిన ప్యాకేజీలు వచ్చాక ఆ తల్నొప్పి వదిలింది. కోహా వాళ్ల సాఫ్ట్‌వేర్ గిడ్డంగి చిరునామా ఒకటి చేర్చి, 'కోహా-కామన్' అనే ప్యాకేజీ అడిగితే దానికి కావలసినవన్నీ వెంట వచ్చేస్తాయి. తర్వాత 'కోహా-క్రియేట్' అనే కమాండుకు మన గ్రంథాలయం పేరిస్తే డేటాబేసు, వాడుకరి ఖాతా, వెబ్ అమరిక తానే తయారుచేస్తుంది.

రెండో పెద్ద మేలు 2017లో జరిగింది. అంతకుముందు ఇన్‌స్టలేషన్ పూర్తయ్యాక ఖాళీ తెర ఒకటి ఎదురయ్యేది. అప్పటికి గ్రంథాలయం అన్నదే అందులో లేదు, సభ్యులు లేరు, పుస్తకాలు అప్పిచ్చే నియమాలు లేవు. ముందు ఏది చేయాలో తనకు తానుగా తెలుసుకోవాలి. 2017లో ఆ చోట ఒక మార్గదర్శి పెట్టారు. అది చేయి పట్టుకుని వరసగా అడుగుతుంది: మీ గ్రంథాలయం పేరు చెప్పండి, సభ్యుల్లో ఒక వర్గం చెప్పండి, నిర్వాహకుడి ఖాతా తెరవండి, మీ దగ్గరున్న వస్తువుల్లో ఒక రకం చెప్పండి, ఎన్నాళ్లకు ఇస్తారో ఒక నియమం చెప్పండి. అయిదు మెట్లు, అంతే. అది దిగేసరికి పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడానికి కావలసింది సిద్ధం. కొత్త మనిషి ఎక్కడ తడబడతాడో ఎవరో పక్కన కూర్చుని చూసినట్టుంటుంది ఆ అయిదు మెట్లూ చూస్తే. నాకు ఎంతో ఇష్టమైన మార్పు అది.

విండోస్ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన గ్రంథాలయాల్లో ఉన్న కంప్యూటరు నూటికి తొంభైపాళ్లు అదే. అదీ ఎవరో పాతది ఇచ్చేసినది. ఇప్పటి కోహా విండోస్ మీద నేరుగా ఎక్కదు. కంప్యూటరంతా తుడిచి లైనక్స్ వేద్దామంటే సంఘం ఉత్తరాలు, ఫొటోలు అందులోనే ఉంటాయి. ఇందుకు మన దేశంలోని లైబ్రేరియన్లే ఒక దారి వేశారు. కోహా ముందే ఎక్కించిన లైవ్ డీవీడీలు, వర్చువల్ బాక్స్‌లో తెరుచుకునే ప్రతులు తయారుచేసి పంచారు. విండోస్ లోపలే ఇంకో కంప్యూటరు నడుస్తున్నట్టు అందులో కోహా నడుస్తుంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. రోజువారీ పనికి మాత్రం 4 జీబీ మెమరీ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద ఇది ఆయాసపడుతుంది. విండోస్‌కు కొంత, కోహాకు కొంత పోతే ఇద్దరికీ కడుపు నిండదు.

మరి అయిదు నిమిషాల్లో ఎక్కే సాఫ్ట్‌వేర్లు లేవా? ఉన్నాయి. ఇండొనేషియాలో పుట్టిన స్లిమ్స్ ఒకటి, పాత ఓపెన్‌బిబ్లియో ఒకటి. ఇవి పీహెచ్‌పీ భాషలో రాసినవి. వర్డ్‌ప్రెస్ బ్లాగు నడిచే చవక వెబ్ హోస్టింగులోనే ఇవీ నడుస్తాయి, ఎందుకంటే వాటికి కావలసింది ఒక వెబ్ సర్వరు, ఒక డేటాబేసు. కోహాకు వెనకాల ఎప్పుడూ మేలుకుని ఉండే పనివాళ్లు కావాలని చెప్పుకున్నాం కదా. చవక హోస్టింగులో అలాంటివాళ్లను కూర్చోనివ్వరు. అందుకే కోహాకు సొంత సర్వరో, పూర్తి అధికారమున్న వర్చువల్ సర్వరో తప్పదు. మూడు వందల పుస్తకాలున్న బడి గ్రంథాలయానికి నేను స్లిమ్సే చాలంటాను. ఆరేడు వేల పుస్తకాలు, పెరుగుతున్న సభ్యులు, రేపు పక్క ఊరి గ్రంథాలయంతో కలవాలన్న ఆలోచన ఉంటే కోహా కోసం పడే శ్రమ వృథా కాదు.

మన హైదరాబాదులో జరిగిన ప్రయత్నం కూడా తలుచుకోవాలి. కేశవన్ ఇన్‌స్టిట్యూట్, వెరస్ సొల్యూషన్స్ కలిసి న్యూజెన్‌లిబ్ తయారుచేసి, 2008 జనవరిలో దాన్ని జీపీఎల్ కింద ఓపెన్ సోర్స్ చేశాయి. జావా, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడిచేది, విండోస్ మీద కూడా ఎక్కేది. మన దగ్గర పుట్టి, మనవాళ్ల కంప్యూటర్ల మీద నడిచిన సాఫ్ట్‌వేర్ అది. అయినా గత పదిహేనేళ్లలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోహా వైపే ఎక్కువ మొగ్గారు. ఎక్కించడం సులువా కాదా అన్నదొక్కటే చూడరు జనం. రాత్రి ఎనిమిదింటికి చిక్కు వస్తే జవాబు చెప్పే చేతులు ఎన్ని ఉన్నాయో కూడా చూస్తారు.

సెంటర్‌విల్ ఎక్కడుంది?

మాస్టారు రెండోసారి ఆగిపోయింది ఇక్కడ. నమూనా సమాచారం కూడా వేయమంటారా అని కోహా అడుగుతుంది. ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి ఉంటే నయమని అన్నీ టిక్కు పెట్టాం. తెరిచి చూస్తే మా గ్రంథాలయానికి శాఖలు పుట్టుకొచ్చాయి: సెంటర్‌విల్, ఫెయిర్‌ఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్, ట్రాయ్, ఇంకా ఎన్నో. దాదాపు అన్నీ అమెరికా ఊళ్ల పేర్లు. సభ్యుల వర్గాల్లో 'హోమ్ బౌండ్' అని ఒకటి ఉంది, ఇల్లు కదల్లేని పాఠకుడికి పుస్తకం పంపించే ఏర్పాటు. ఆలోచనగా ఎంత మంచిదో! కానీ ఆ పేరు చదివి మాస్టారు, "ఇది ఇంటికి బైండు చేయించుకునేదా బాబూ?" అని అడిగారు. ఒకప్పుడు మా దగ్గర చినిగిన పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి బైండు చేసి తెచ్చే సభ్యులు ఉండేవారు మరి. ఆయన చదివింది ఆయన లోకంలోంచి సరిగ్గానే చదివారు.

ఈ నమూనా సమాచారం ప్రోగ్రాములో కలిసిపోయి ఉండదు. విడిగా, చదవగలిగే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటుంది. అంటే పెర్ల్ రాని మనిషి కూడా దాన్ని మార్చి మన ఊళ్లకు తగినట్టు రాయగలడు. చిన్న తెలుగు గ్రంథాలయానికి కావలసిన జవాబులు నిజానికి చాలా తక్కువ. శాఖ ఒక్కటే. సభ్యులు పెద్దలు, పిల్లలు. వస్తువులు మూడు రకాలు: ఇంటికిచ్చే పుస్తకం, ఇక్కడే చదవాల్సిన పుస్తకం, పత్రిక. అప్పు నియమాలను కోహా శాఖ, సభ్యుల వర్గం, వస్తువు రకం అనే మూడింటినీ కలిపి అడుగుతుంది. చూడగానే పెద్ద గళ్ల పట్టిక వచ్చి భయపెడుతుంది. కానీ మూడు చోట్లా 'అన్నీ' అని పెట్టి, రెండు పుస్తకాలు, పదిహేను రోజులు, జరిమానా సున్నా అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. తర్వాత అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. మార్క్21 సంగతీ అంతే. యూనిమార్క్ ఫ్రాన్స్, ఇటలీ, పోర్చుగల్ లాంటి దేశాల అలవాటు. మన దేశంలో దాదాపు అందరూ వాడేది మార్క్21. దాన్ని ఒక ప్రశ్నగా అడగకుండా ఒక జవాబుగా ముందే పెట్టి ఉంచితే, తెలిసినవాళ్లు మార్చుకుంటారు, తెలియనివాళ్లు దాటిపోతారు.

ఇలాంటి 'చిన్న గ్రంథాలయం' మూట ఒకటి కట్టి పెడితే ఎంత భారం తగ్గుతుందో ఊహించండి. కోడు రాయక్కర్లేదు. ఒక లైబ్రేరియనూ, ఓపిగ్గా టైపు చేసే ఒక మనిషీ కూర్చుంటే అయ్యే పని.

అయితే తెలుగు దగ్గర ఒక ముడి ఉంది, అది మూటతో వీడదు. జీబ్రా పుస్తకం పేరును మాటలుగా విడగొట్టి కార్డులు రాసుకుంటుంది. మొదట ఎక్కించినప్పుడు దాని దగ్గరుండే అక్షరాల పట్టిక ప్రధానంగా రోమన్ లిపి కోసం చేసింది. మన లిపికి దాన్ని మార్చి, ఐసీయూ అనే పద్ధతికి తిప్పాలి. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లో ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్‌లోని మాటల హద్దులు తెలిసిన పద్ధతి అది. మార్పు ఒక అమరిక ఫైలులో రెండు మూడు వరుసలే. తర్వాత కార్డులన్నీ మొదటి నుంచీ మళ్లీ రాయించాలి. ఈ పని పుస్తకాలు ఎక్కించక ముందే చేస్తే ఖర్చు లేదు. చేయకపోతే తెలుగు పేరు కొట్టిన పాఠకుడికి ఖాళీ తెర వస్తుంది, "మీ కంప్యూటర్లో తెలుగు పుస్తకాలు లేవు" అని వెళ్లిపోతాడు. బీరువా నిండా తెలుగు పుస్తకాలు పెట్టుకుని ఆ మాట పడడం నాకు బాధగా ఉంటుంది.

అదీ దాటాక ఇంకో సూక్ష్మం. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక అక్షరం వేస్తాం. ఎక్కించినవాళ్లు అది వేసి, వెతికేవాళ్లు వేయకపోతే, యంత్రం దృష్టిలో అవి రెండు వేరు మాటలు. ఆ కనబడని అక్షరాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఐసీయూ నియమాల్లోనే రాయవచ్చు. తెలుగు వాళ్లు కాక ఇంకెవరు పట్టించుకుంటారు ఇలాంటివి?

పాత జాబితాల గొడవ దీనికి తోడు. చాలా సంఘాల దగ్గర పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఉంది, చూడ్డానికి తెలుగే. కానీ అది పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది. ఫాంటు తీసేస్తే వింత గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, తర్వాత మార్క్‌ఎడిట్ లాంటి ఉచిత పనిముట్టుతో ఏ గడి మార్క్‌లో ఏ సంఖ్య గల చోటికి వెళ్లాలో చెప్పాలి: శీర్షిక 245లోకి, రచయిత 100లోకి, ప్రతి వివరాలు 952లోకి. పెద్ద లైబ్రరీలకు వేరే సుఖం ఉంది, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ సంఖ్య) కొడితే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి వివరాలు వచ్చి పడతాయి. మన పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు. ఎక్కడైనా దొరికినా పేరు రోమన్ లిపిలో, అక్షరాల కింద చుక్కలతో, పైన గీతలతో ఉంటుంది. కాబట్టి టైపు కొట్టక తప్పదు. మేం రోజుకు ముప్పై పుస్తకాల చొప్పున కొట్టాం. ఇంటర్ చదివే ఇద్దరమ్మాయిలు వేసవి సెలవుల్లో వచ్చి కూర్చోవడం వల్ల అది అయింది.

ప్రతి ఊళ్లోనూ ఎక్కించాలా?

ఇక్కడే నేను గట్టిగా నమ్మే మాట చెప్పాలి. చిన్న సంస్థకు అన్నిటికంటే సులువైన ఇన్‌స్టలేషన్, తాను చేయనక్కర్లేనిది. 'కోహా-కామన్' ఒక సర్వరు మీద ఒకటి కాదు, ఎన్నో గ్రంథాలయాలను విడివిడిగా నడపగలదు. ఒక్కోదానికి 'కోహా-క్రియేట్' ఒక్కసారి కొడితే చాలు. దేని డేటాబేసు దానిది, దేని సభ్యులు దానివి, దేని చిరునామా దానిది. ప్రోగ్రాము ఒక్కటే, దాన్ని తాజా చేస్తే అందరికీ తాజా అవుతుంది. ఈ సౌకర్యం చాలా ఏళ్లుగా ఉంది. స్వచ్ఛంద గ్రంథాలయాల విషయంలో దీన్ని వాడుకున్నది తక్కువ.

తెలుగు నేల మీద గ్రంథాలయాలు ఎక్కువగా సంఘాలు పెట్టుకున్నవే. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో. ఎవరూ డబ్బు కోసం పెట్టలేదు. 1914లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అని ఒకటి కట్టుకుని, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరూ తిరిగి వీటిని ఒక తాటి మీదికి తెచ్చే ప్రయత్నం చేశారు. వందేళ్ల కిందట మనుషులతో చేసిన కూడికను ఇవాళ సర్వరుతో చేయమంటున్నాను. ఒక జిల్లాలో పది సంఘాలు కలిసి ఒక వర్చువల్ సర్వరు అద్దెకు తీసుకుంటే ఖర్చు పది భాగాలవుతుంది. దాన్ని చూసుకునే తెలిసిన మనిషి ఒక్కరు చాలు, పదిమంది అక్కర్లేదు. ఆ మనిషి ఊళ్లోనే ఉండాలని కూడా లేదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో సాఫ్ట్‌వేర్ పనిచేస్తూ సొంతూరి గ్రంథాలయానికి ఏదైనా చేయాలనుకునే తెలుగువాళ్లు ఎంతమంది లేరు! పుస్తకాల పెట్టెలు పంపే బదులు నెలకు రెండు గంటలు ఈ సర్వరు చూసుకుంటే అదే పెద్ద చదివింపు.

దీనికి అడ్డం ఇంటర్నెట్. లైను పోతే కౌంటరు ఆగిపోతుంది. మా ఊళ్లో లైను కంటే కరెంటే ఎక్కువ పోతుంది కాబట్టి మేం గదిలోనే పెట్టుకున్నాం, ఒక యూపీఎస్ కొన్నాం. యూపీఎస్ లేకుండా డేటాబేసు నడిపే సర్వరు పెట్టొద్దని మాత్రం అందరికీ చెబుతాను. రాస్తున్న రిజిస్టరును మధ్యలో లాగేసినట్టే అది.

ఎక్కించాక వచ్చే రెండేళ్లను ఎవరూ ఇన్‌స్టలేషన్‌లో కలపరు. నేను కలుపుతాను. కోహా ఏడాదికి రెండుసార్లు, మే నెలలో, నవంబరులో కొత్త వెర్షన్ ఇస్తుంది. గిడ్డంగి చిరునామాలో 'స్టేబుల్' అని రాసి వదిలేస్తే, ఏదో ఒక రోజు మామూలుగా తాజా చేయబోతే కొత్త వెర్షన్‌కు దూకేస్తుంది. తెరలు మారిపోతాయి, మాస్టారు గాభరా పడతారు. 'స్టేబుల్' బదులు వెర్షన్ సంఖ్య రాస్తే అదే వెర్షన్‌లో మరమ్మతులు మాత్రం వస్తాయి. ఎప్పుడు మారాలో మనమే నిర్ణయించుకుంటాం.

బ్యాకప్ విషయంలో కోహా ఇల్లాలంత జాగ్రత్త. ఎవరూ అడగకుండానే ప్రతి రాత్రీ డేటాబేసు ప్రతి ఒకటి తీసి పక్కన పెడుతుంది. కానీ అది పెట్టేది అదే కంప్యూటరులో, అదే డిస్కు మీద. మామూలు అమరికలో రెండు రోజులవే ఉంచి పాతవి తీసేస్తుంది. డిస్కు పోతే అసలూ పోతుంది, ప్రతీ పోతుంది. తప్పు మూడో రోజున కనిపెడితే వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు. ఇన్‌స్టలేషన్ చివర "ఈ ప్రతిని బయట ఎక్కడ దాచమంటారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎంత బాగుండేది! మార్క్ గురించి అడిగే బదులు ఇది అడగాలి. దీనికి మాస్టారి దగ్గర జవాబు ఉంటుంది.

మా గదిలో దానికి ఒక చిన్న స్క్రిప్టు రాసి పెట్టాను. బల్ల మీద రెండు పెన్‌డ్రైవులుంటాయి, ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం. ఆదివారం ఎనిమిదింటికి ఆ వారం వంతు వచ్చినదాన్ని మాస్టారు కంప్యూటరుకు పెడతారు, "కాపీ అయింది" అని తెలుగులో వచ్చేదాకా నిలబడి చూస్తారు. తర్వాత దాన్ని చొక్కా జేబులో వేసుకుని, తలుపు తాళం లాగి చూసుకుని, ఇంటికి వెళ్తారు.